అప్పడం, సమోసా, బర్ఫీ

పదో తరగతిలో మా లెక్కల మాస్టారి కంట గైడు పడిందంటే కిటికీలోంచి బయటికి పోయేది. అందుకని మేం గైడుకి పాఠ్యపుస్తకం అట్ట తొడిగి తెచ్చేవాళ్ళం. ఆయన ఏమీ అనేవారు కాదు. లెక్క తప్పు లేకుండా చేసినవాణ్ణే లేపి, "రెండో మెట్టులో ఈ నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?" అని అడిగేవారు. అంతే, అట్ట ఊడిపోయేది.

ఇరవై మూడేళ్ళ తర్వాత అదే ప్రశ్న నేను మా తమ్ముణ్ణి అడగాల్సి వచ్చింది. లెక్కల్లో కాదు, డెస్టినీ 2 అనే వీడియో గేములో.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. డెస్టినీలో రెయిడ్ అంటే ఆరుగురు కలిసి ఆడేది. నాలుగైదు ఘట్టాలుంటాయి, ప్రతి ఘట్టమూ ఒక చిక్కుముడి. ఎవరో ఒకరు తప్పు చేస్తే ఆరుగురూ పోయి మళ్ళీ మొదటికొస్తారు. దాన్ని వైప్ అంటాం. గురి బాగుంటే సరిపోదు, నోరు కూడా బాగుండాలి. నీకు కనిపించేది పక్కవాడికి కనిపించదు కాబట్టి చెప్పుకుంటూ ఉండాలి. వీడియోలూ గైడ్లూ ఏవీ చూడకుండా వెళ్ళి, తన్నుకుని తన్నుకుని నేర్చుకోవడాన్ని బ్లైండ్ అంటారు.

మా జట్టు: విశాఖలో నేను, హైదరాబాద్‌లో మా మరిది, డాలస్‌లో తమ్ముడు, వాడి పాత రూమ్మేట్లు ఇద్దరు (ఒకతను డాలస్‌లోనే, ఇంకొకతను మెల్‌బోర్న్‌లో), ఆటలోనే పరిచయమైన వరంగల్ కుర్రాడొకడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అందరికీ కుదిరే వేళ ఒక్కటే. మాకు శనివారం పొద్దున ఏడున్నర, డాలస్‌లో శుక్రవారం రాత్రి తొమ్మిది, మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం పన్నెండు. మా ఇంట్లో అది పాలు కాగే వేళ. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని "చంపెయ్, చంపెయ్, ముందు దాన్ని చంపెయ్" అని అరుస్తుంటే అత్తయ్యగారు మొదట్లో కంగారుపడేవారు. ఇప్పుడు "అయ్యాక చెప్పమ్మా, అట్టు వేస్తాను" అంటారు.

నేను గైడ్ల మీద పెరిగినదాన్నే. మొదట్లో జట్టు లేదు, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో వెళ్ళేదాన్ని. వాళ్ళ ప్రకటనల్లో కె.డబ్ల్యు.టి.డి. అని ఉండేది, ఏం చేయాలో తెలిసినవాళ్ళే రావాలని. తెలియదంటే గెంటేస్తారు. నన్నూ ఒకసారి గెంటేశారు, "ఈ గుర్తు ఎందుకు?" అని అడిగినందుకు. తర్వాత బుద్ధిగా వీడియోలు చూసి, నోట్సు రాసుకుని వెళ్ళాను. లాస్ట్ విష్ అనే రెయిడ్ అలాగే పది పదిహేనుసార్లు పూర్తిచేశాను. అది 2018 సెప్టెంబరులో వచ్చినప్పుడు ప్రపంచంలో మొట్టమొదట గెలిచిన జట్టుకి దాదాపు 19 గంటలు పట్టింది. అందులో రివెన్ అనే రాక్షసి ఉంటుంది. అసలు పద్ధతిలో ఆడితే రెండు జట్లుగా విడిపోయి, ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పుకుంటూ, ఎంతో తతంగం. మాకు గైడు నేర్పింది వేరు: ఆరుగురూ ఒకేచోట నిలబడి, చెప్పిన క్షణాన రాకెట్లు వదలండి. అది చచ్చిపోతుంది. నిజంగానే చచ్చిపోయేది. ఒకరోజు వరంగల్ కుర్రాడు "అక్కా, అసలు రివెన్‌ది ఏం ఘట్టం? మనం ఏం తప్పించుకుంటున్నాం?" అని అడిగాడు. పదిహేనుసార్లు చంపిన నాకు జవాబు తెలియలేదు. రెండో మెట్టులో నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియనట్టే.

అందుకే 2024 జూన్ 7న సాల్వేషన్స్ ఎడ్జ్ రెయిడ్ వచ్చినప్పుడు ఒట్టు పెట్టుకున్నాం. గైడు వద్దు. యూట్యూబ్ తెరవొద్దు, ఎందుకంటే వీడియో మీది బొమ్మే సగం గుట్టు విప్పేస్తుంది. మొదటి మూడు ఘట్టాలకీ మూడు శనివారాలు పట్టాయి. నాలుగోది వెరిటీ. మొదటిరోజు పోటీలో మహామహా జట్లు గంటలకి గంటలు ఇరుక్కుపోయింది అక్కడే. మొదటి విజయానికి ఈసారీ దాదాపు 19 గంటలు పట్టిందంటే అందులో పెద్ద వాటా వెరిటీదే.

వెరిటీ మొదలవగానే ఆరుగురిలో ముగ్గురు మాయమవుతారు. ఎవరన్నది మన చేతిలో లేదు. ఆ ముగ్గురూ తలో గదిలో ఒంటరిగా తేలతారు. గదిలో మూడు విగ్రహాలు, లోపలున్న ముగ్గురికీ తలొకటి, ఒక్కోదాని చేతిలో ఒక్కో ఆకారం: వృత్తం, త్రిభుజం, చతురస్రం. ఎదురుగా గోడ మీద రెండు నీడలు. బయట హాల్లో మిగిలిన ముగ్గురికీ మూడు విగ్రహాలుంటాయి గానీ, వాటి చేతుల్లోవి బల్లపరుపు బొమ్మలు కావు, ఘనాకారాలు. గోళం, శంకువు, స్తూపం, అలాంటివి. శత్రువుల్ని చంపితే ఆకారాలు రాలతాయి. వాటితో ఏం చేయాలి? ఎవరూ చెప్పరు. కాలం మించితే అందరం పోతాం.

మొదటి శనివారం నాలుగు గంటలు అలా పోతూనే ఉన్నాం. సగం వైప్‌లు అర్థంకాక కాదు, మాట కుదరక. ఒకరు సర్కిల్ అంటారు, ఒకరు రౌండ్ అంటారు, మా మరిది "వదినా, వృత్తం" అంటాడు, తమ్ముడు "ఏంటి, ఉత్తదా?" అంటాడు. అంతలో పోతాం. రెండో శనివారం అత్తయ్యగారు అప్పడాలు వేయించి కీబోర్డు పక్కన పళ్ళెం పెట్టారు. నా గోడ మీద వృత్తం పడింది. నా నోట్లోంచి "అప్పడం!" అని వచ్చేసింది. నవ్వుకున్నాం కానీ ఆ పేరు నిలబడిపోయింది. త్రిభుజం సమోసా, చతురస్రం బర్ఫీ. ఇక ఘనాకారాలు: అప్పడం, అప్పడం కలిస్తే లడ్డు. అప్పడం, సమోసా కలిస్తే శంకువు, అంటే పల్లీల పొట్లం. అప్పడం, బర్ఫీ కలిస్తే డబ్బా. సమోసా, బర్ఫీ కలిస్తే గుడారం, అంటే ప్రిజం. రెండు ఆకారాలు కలిస్తే ఒక ఘనం అవుతుందన్న సంగతి మాకు తెలిసింది ఈ పేర్లు పెట్టుకునేటప్పుడే. మెల్‌బోర్న్ అబ్బాయి "పొట్లం అంటే కింద గుండ్రం, పక్కనుంచి ముక్కోణం కదా" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా ఒళ్ళు జలదరించింది. నాకు ఆటలో అంత సంతోషం ఏ తుపాకీ దొరికినప్పుడూ కలగలేదు.

ఇక మూడో శనివారం. గంటన్నర అయింది, ఒక్క రౌండూ దాటలేదు. మా మరిది బయట ఉన్నాడు, మధ్య విగ్రహం చేతిలో డబ్బా ఉంది, దాన్ని ఏం చేయాలో తెలియక తిరుగుతున్నాడు. అప్పుడు తమ్ముడు ఒక్క ఊపిరిలో అన్నాడు: "లోపల మిడిల్ సర్కిల్ కదా, బయట మిడిల్ ప్రిజం చెయ్యి."

మైకులో నిశ్శబ్దం. మా వంటింట్లో కుక్కర్ కూత అందరికీ వినపడింది.

వాడు చెప్పింది సరైనదో కాదో మాకు తెలియదు. కానీ రెండు శనివారాలుగా అప్పడం, గుడారం అంటున్నవాడి నోట్లో సర్కిల్, ప్రిజం ఎక్కణ్ణుంచి వచ్చాయి? అదే అడిగాను. "ఆ ప్రిజం ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?"

"ఊరికే అన్నానక్కా."

"ఎప్పుడు చూశావు?"

"బుధవారం."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, డాలస్‌లో వాడికి రాత్రి పదిన్నర దాటుతుంటే "నువ్వు చిన్నప్పుడు కూడా ఇంతేరా" దగ్గరికి వెళ్ళిపోయాను. వాడూ ఊరుకోలేదు. "అక్కా, తెలిసిపోయిన దాన్ని తెలియనట్టు నటించడం ఎందుకు? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో రాగ్నరోస్ అనే బాస్ రాక్షసుణ్ణి మొదటిసారి చంపడానికి 2004, 2005లో ఐదు నెలలు పట్టింది. 2019లో అదే పాత ఆటని క్లాసిక్ అని మళ్ళీ తెస్తే వారం తిరక్కుండా చంపేశారు. 2011లో ఆ ఆటవాళ్ళే బాస్ ఏం చేస్తుందో రాసిన పుస్తకం ఆటలోపలే పెట్టేశారు. నువ్వొక్కదానివే తపస్సు చేస్తున్నావు" అన్నాడు. (ఆ ఐదు నెలల్లో చాలా భాగం రాగ్నరోస్ దాకా చేరడానికే పోయిందని తర్వాత చదివాను. అప్పుడు తెలిస్తే వదిలేదాన్ని కాదు.)

మధ్యాహ్నం వాడే విడిగా ఫోన్ చేశాడు. మరదలికి అక్టోబరులో కాన్పు. "నాకు ఇంకో పది శుక్రవారాలున్నాయక్కా. తర్వాత ఎన్నాళ్ళో తెలీదు. పూర్తిచేయకుండా ఆగిపోతానేమోనని భయమేసింది." నాకు నోట మాట రాలేదు. బ్లైండ్ అనేది తీరుబడి ఉన్నవాళ్ళ ముచ్చట అని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. వరంగల్ కుర్రాడికి సెలవులు, నాకు వండిపెట్టే అత్తగారు. వాడికి వేళ్ళ మీద లెక్కపెట్టుకునే రాత్రులు. అయినా చెప్పి చూడాల్సింది. "నేను చూస్తాను, మీరు కానివ్వండి" అనుంటే సరిపోయేది. దొంగచాటుగా చూసి, అప్పుడే తట్టినట్టు పలకడమే నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ.

ఒప్పందం కుదిరింది. వాడు కనిపించింది చెప్పొచ్చు, అర్థం చెప్పకూడదు. అదీ మన పేర్లతోనే. పాపం, నోట్లో వేడి బజ్జీ పెట్టుకున్నవాడిలా అల్లాడిపోయాడు. మేం తప్పుదారిలో వెళ్తుంటే మైకులో ఊపిరి బరువుగా వినిపించేది. అదీ ఒక గైడే అని మా మరిది ఫిర్యాదు చేస్తే మైకు ఆపేసుకున్నాడు.

కానీ విన్నదాన్ని విననట్టు ఎలా ఉంటాం? లోపల అప్పడం ఉంటే బయట గుడారం. జవాబు చేతిలో ఉంది, ఎందుకో తెలియదు. తమ్ముణ్ణి అడిగినా తెలియదన్నాడు, గైడులో పట్టిక ఉందట, అంతే. ఆ వారమంతా వరంగల్ కుర్రాడు కాగితాల మీద బొమ్మలు గీసి గ్రూపులో పెడుతూనే ఉన్నాడు. గురువారం రాత్రి ఒంటిగంటకి మెసేజ్: "అక్కా, రెండూ ఒకటే రూలు. నాది నాకు వద్దు. మిగతా రెండూ నావి."

అంతే విషయం. లోపల నా ఆకారం అప్పడమైతే, నా గోడ మీద అప్పడం ఉండకూడదు, సమోసా, బర్ఫీ ఉండాలి. నా దగ్గరున్న అప్పడాన్ని అవతలివాళ్ళకి పంపాలి, వాళ్ళు వాళ్ళవి నాకు పంపాలి. బయట నా విగ్రహం చేతిలోనూ అవే రెండూ కలిసి ఉండాలి, అంటే గుడారం. గైడులో లోపలికో పట్టిక, బయటికో పట్టిక ఉన్నాయని తమ్ముడన్నాడు. మాకు రెండూ కలిసి ఒక్క వాక్యం అయింది.

ఆగస్టు మొదటి శనివారం. లోపల నేనూ, వరంగల్ కుర్రాడూ, మెల్‌బోర్న్ అబ్బాయీ. నాది అప్పడం. గోడ మీద రెండు నీడలూ అప్పడాలే. ఒకటి కుర్రాడి విగ్రహానికి పెట్టాను. రెండోది మెల్‌బోర్న్‌కి. నా గోడ కాసేపు ఖాళీ. తర్వాత సమోసా పడింది. తర్వాత బర్ఫీ. "వదినా, మీ గుడారం రెడీ" అన్నాడు మరిది. ఎదురుగా అద్దంలోంచి నడిచి బయటికొచ్చేశాను. తమ్ముడు మైకు వేసి మరీ ఏడ్చినంత పని చేశాడు. అత్తయ్యగారు తలుపు దగ్గరికొచ్చి "ఎవరికేమైంది?" అన్నారు.

చివరి ఘట్టం విట్నెస్ అనే బాస్‌ది. అది గైడు చూసే ఆడాం, అందరం కలిసి, తమ్ముడి శుక్రవారాల కోసం. ఒక్క పూటలో అయిపోయింది. ఎలా చేశామో అడిగితే ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. పెద్ద బల్ల లాంటి చోటు, ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడ్డాను.

పాప అక్టోబరులోనే పుట్టింది. ఆ నెలలోనే వరంగల్ కుర్రాడు ఎవరో తెలియనివాళ్ళతో వెరిటీకి వెళ్ళి, కంగారులో "లెఫ్ట్ అప్పడం!" అని అరిచాడట. అవతల నలుగురు ఏమీ అర్థంకాక మౌనం. ఐదోవాడు మాత్రం "ఎవరింట్లో భోజనం బ్రో?" అన్నాడట. గుంటూరు అబ్బాయి. శనివారాలు తమ్ముడి బదులు ఇప్పుడు అతనే వస్తున్నాడు. బర్ఫీని మాత్రం మైసూర్‌పాక్ అంటాడు. ఆ గొడవ ఇంకా తేలలేదు.