ఇయాలో చొక్కాకి అంటిన సున్నం

గ్రీస్ ద్వీపం సాంతొరీని అనగానే గుర్తొచ్చే ఫొటో ఒకటుంది కదా, తెల్లటి గోడలు, నీలి గుమ్మటాలు, కింద సముద్రం. అది తీసేది ద్వీపం ఉత్తరపు కొసనున్న ఇయా అనే ఊళ్లో. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి బస్సులో "ఓయియా" అన్నాను. కండక్టర్ నవ్వి "ఇయా" అని సరిదిద్ది టికెట్ ఇచ్చాడు.

సెప్టెంబరు చివరివారం అది. మొదటి సాయంత్రం అందరిలాగే మేమూ సూర్యాస్తమయం కోసం పాత కోట శిథిలాల దగ్గరికి వెళ్లాం. గంటన్నర ముందే చేరినా గోడ మీద జానెడు చోటు లేదు. నేను తీసిన ముప్పై ఫొటోల్లో పాతికింట్లో ఎవరిదో ఒకరి ఫోన్ పడింది. సూర్యుడు మునగ్గానే జనం చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సు కోసం మాత్రం తోపులాటే.

మర్నాడు తెల్లవారకముందే ద్వీపంలోని ముఖ్య పట్టణం ఫిరా నుంచి టాక్సీలో మళ్లీ ఇయాకి వెళ్లాం. ఆ రేటు విన్నాక మా ఆవిడ దారంతా మాట్లాడలేదు. పాలరాతి వీధిలో ఒక పిల్లి, చీపురుతో ఒక పెద్దాయన, అంతే. పక్క సందులోకి తిరిగితే ఎదురుగా ఆ గుమ్మటాలు. ఎండ మొదట పైనున్న శిలువలకు తగిలి, మెల్లగా నీలం మీదికి జారింది.

గాలికి చెయ్యి కదలకుండా గోడకి ఆనుకుని తీశాను. తీరా చూస్తే నల్ల చొక్కా వీపంతా తెలుపు! సంక్రాంతి ముందు సున్నం కొట్టిన గోడకి ఒరిగితే అమ్మ తిట్టేది, అది గుర్తొచ్చింది. ఇక్కడి పాత ఇళ్లు చాలావరకు అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన పొరల్లో తొలిచిన గుహలే. సుమారు 3,600 ఏళ్ల కిందటి పేలుడుకి ద్వీపం నడిమి భాగం సముద్రంలోకి కుంగిపోయింది. మిగిలిన అంచు మీదే ఈ ఊళ్లు. 1956 జులైలో భూకంపానికి ఇయా బాగా దెబ్బతింది. ఇప్పుడు మనం ఫొటోలు తీసుకునేది చాలావరకు ఆ తర్వాత బాగుచేసుకున్న ఊరే. ఇంకో మాట, కిందింటి కప్పే పైవాళ్ల వాకిలిలా కనిపిస్తుంది. ఫొటో కోసం ఎక్కేస్తారు జనం. ఎక్కొద్దని బోర్డులున్నా సరే.

ఫిరా నుంచి ఇయాకి అంచు వెంబడి పది కిలోమీటర్ల కాలిబాట ఉంది. మేం దారిలో వచ్చే ఇమెరోవిగ్లీ అనే ఊరి దాకానే నడిచాం. సముద్రం వైపు పొడుచుకొచ్చిన స్కారోస్ అనే పెద్ద బండ అక్కడే. మోకాళ్లు ఒప్పుకుంటే మొత్తం నడవండి.

చివరి సాయంత్రం కారు అద్దెకి తీసుకుని నైరుతి కొసనున్న అక్రొతీరి లైట్‌హౌస్‌కి వెళ్లాం. 1892 నాటిది. అక్కడినుంచి చూస్తే ఎదుటి కొండ అంచున ఎవరో ముగ్గుపిండి చల్లినట్టు ఊళ్లన్నీ తెల్లగా కనిపిస్తాయి. ఇక్కడా జనం ఉన్నారు గానీ ఎవరి రాయి మీద వాళ్లు కూర్చున్నారు. గాలికి ట్రైపాడ్ ఊగిపోతుంటే పక్కనున్న ముసలాయన అడక్కుండానే వచ్చి ఒక కాలు గట్టిగా పట్టుకున్నాడు. రెండో కాలు మా ఆవిడ పట్టుకుంది.