బొబ్బిలి దారిలో వంటగట్టు చెక్క

వంటగట్టు మీద కూరలు తరిగే భాగానికి గ్రానైట్ తీసేసి చెక్క వేయాలి. ఏ చెక్కో కళ్లారా చూసి తేల్చుకుందామని విజయనగరం నుంచి బొబ్బిలి దాకా వెళ్లాం. గంటస్తంభం దగ్గర టిఫిన్ అయ్యాక ముందు చూసింది మాంసం దుకాణాల్లోని చింతమొద్దులనే. చెట్టును అడ్డంగా కోసిన ముక్క అది. చెక్క నార నిలువుగా పైకి ఉంటుంది కాబట్టి కత్తి నారల మధ్యకు దిగుతుంది, వాటిని తెంపదు. మొద్దూ మన్నుతుంది, కత్తి పదునూ నిలుస్తుంది. గ్రానైట్ మీద తరిగే కత్తి ఎంత మంచిదైనా ఇట్టే మొండిబారుతుంది.

అలాగని ఆ గుండ్రటి ముక్కనే పలుచగా కోయించి గట్టు మీద వేయలేం. చెక్క ఆరేటప్పుడు చుట్టుకొలత వెంట ఎక్కువగా, నడిమి వైపు తక్కువగా కుంచించుకుంటుంది. ఆ తేడాతోనే అంచు నుంచి నడిమి దాకా పగులు వస్తుంది. పైగా చింతలో తెల్లచెక్క ఎక్కువ, దానికి పురుగు పడుతుంది. చేవ, అంటే మాను నడిమిలోని గట్టి చెక్క, మాత్రమే ఏరి, చదరపు ముక్కలు కోసి, నార పైకి ఉండేలా అతికిస్తే ఎముకలు కొట్టడానికి దానికి సాటి లేదు. మందం రెండున్నర అంగుళాలకు తగ్గకూడదు.

గజపతినగరం, రామభద్రపురం దాటి బొబ్బిలి చేరాం. ఆ పక్కనే గొల్లపల్లి, పనస దుంగను తొలిచి వీణలు చేసే ఊరు. పనస తేలికైన చెక్క, తొందరగా మెలితిరగదు, దాని చేవకు చెద సులువుగా పట్టదు. చింత కన్నా మెత్తన గనక కత్తిగాట్లు కనబడతాయి, ఎముకలకు పనికిరాదు. కూరగాయలకు మాత్రం మా ఓటు దానికే. టేకు తడిని బాగా తట్టుకుంటుంది, కానీ అందులోని ఇసుకలాంటి సిలికా కత్తి అంచును తినేస్తుంది. దానిలో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు పట్టదు. చవకగా దొరికే రబ్బరుచెక్క పలకలు తడి తగిలేచోట బూజుపట్టి నల్లబడతాయి.

సామిల్లులో పలకల మధ్య బద్దలు పెట్టి, గాలాడేలా పేర్చారా లేదా చూడండి. ఎండిందన్న మాట ఒక్కటే నమ్మి కొనకూడదు. తేమ 12 శాతం దగ్గర ఉండాలి. మీటరు లేకపోతే పలక కొసన కాకుండా మధ్యలోంచి చిన్న ముక్క కోయించి తూచండి, కొసలు ముందే ఆరిపోయి ఉంటాయి మరి. ఆ ముక్కను ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర, బరువు తగ్గడం ఆగేదాకా ఉంచాలి. 100 గ్రాములది 89కి వస్తే, తగ్గిన 11ను 89తో భాగించాలి. 12 శాతం పైచిలుకు, ఫరవాలేదు.

బిగింపులోనే ఎక్కువ గట్లు పాడవుతాయి. రెండడుగుల వెడల్పు పలక వానాకాలానికీ ఎండాకాలానికీ మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరిగి తరుగుతుంది, పొడవు దాదాపు మారదు. స్క్రూలు కదలకుండా బిగిస్తే చీలిక ఖాయం. వెడల్పు దిశలో సాగిన రంధ్రాలు పెట్టించి, గోడ దగ్గర 5 మిల్లీమీటర్ల సందు వదలాలి. నూనె పైనా అడుగునా సమానంగా పట్టించాలి, లేకుంటే ఒకవైపే తేమ పీల్చి పలక దోనెలా వంగుతుంది.

నూనె అంటే మందుల షాపులో దొరికే, వాసన లేని లిక్విడ్ పారఫిన్. మొదటి వారం రోజూ, తర్వాత నెలకోసారి. నాలుగు వంతుల నూనెకు ఒక వంతు తేనెమైనం కరిగించి పూస్తే నీరు పైనే నిలుస్తుంది. వేరుశనగ, కొబ్బరి నూనెలు కొన్నాళ్లకు కంపు కొడతాయి. తడి ఇనుప మూకుడు వదిలేయకండి, ముఖ్యంగా టేకు మీద నల్ల మచ్చ పడుతుంది.

పొయ్యి, సింకు చుట్టూ టెక్కలి గ్రానైటే ఉంచుకుని, మధ్యలో రెండున్నర అడుగుల మేర ఒకటిన్నర అంగుళం మందపు పనస పలకకు బయానా ఇచ్చాం.