కార్డు తెచ్చావా తాతయ్యా?

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూపిద్దామని, న్యూయార్క్ నుంచి సెలవులకొచ్చిన మనవరాల్ని రావులపాలెంలో బస్సెక్కించాను. జొన్నాడ వైపు గౌతమి వంతెన దాటుతుండగా అడిగింది: "తాతయ్యా, లైబ్రరీ కార్డు తెచ్చావా?"

నిరుడు నేను వాళ్ల దగ్గరున్నప్పుడు మా అమ్మాయి తన లైబ్రరీ కార్డు నంబరుతోనే ట్రాన్సిట్ మ్యూజియానికి పాస్ తీసింది. బ్రూక్లిన్‌లో భూమి కింద, 1936 నాటి మూతపడ్డ సబ్‌వే స్టేషన్‌లో ఉంటుందది. పాత రైలు పెట్టెలెక్కి కూర్చున్నాం, టికెట్ డబ్బులు కట్టలేదు. ఆ ఊళ్లో 2018 నుంచి ఈ కల్చర్ పాస్ ఉంది. ముందుగా తేదీ ఎంచుకోవాలి, ఒక కార్డు మీద ఒక్కో మ్యూజియానికి ఏడాదికొక్కసారే. ఏ ఊళ్లోనైనా లైబ్రరీ కార్డుతోనే మ్యూజియం చూడొచ్చనుకుంది పిల్ల.

"ఇక్కడ లేదు, అమ్మలూ" అన్నాను. అనడానికి మనసొప్పలేదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనమూ కడుతున్నాంగా!

వేమగిరిలో దిగి ఆటో ఎక్కాం. మ్యూజియంలో పాత ఫొటోలు చకచకా చూసేసి, ఆనకట్ట నమూనా దగ్గర మాత్రం ఆగిపోయింది. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన పాత ఆనకట్ట ఒకే గోడ కాదని చెప్పాను. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. "మరి మన చేలోకి నీళ్లెక్కడ తిరుగుతాయి?" అంది. బొబ్బర్లంక దగ్గర కోనసీమకు కాలువ మొదలయ్యే చోటు చూపించాను. నలభై ఏళ్లు ఆ నీళ్లతో వరి పండించినవాణ్ణి, చెబుతుంటే గొంతు పట్టేసింది.

ఆ నీళ్లు తాగి పెరిగే మా ఊరి పిల్లల్లో ఎంతమంది ఈ నమూనా చూశారు? టికెట్ పెద్ద ఖర్చేం కాదు. కానీ పుస్తకం తీసుకోవడానికి వచ్చిన పిల్లాడికి "ఈ ఆదివారం ఈ పాస్ పట్టుకుని ధవళేశ్వరం వెళ్లిరా" అని లైబ్రరీలో చెప్పేవాళ్లుంటే, వాడు ఇంట్లో వాళ్లని పోరు పెట్టయినా వెళ్తాడు.

మర్నాడు మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఈ మాటే చెప్పాను. "రాసివ్వండి, పైకి పంపిస్తాను" అన్నారు. దరఖాస్తు నేను చెబుతుంటే మనవరాలు తెలుగులో రాసింది. గంట పట్టింది. బొబ్బర్లంకలో ఒత్తులు రెండూ తనే సరిగ్గా పెట్టింది.