అంకణం, పుట్టి, క్యూసెక్కు

బడి గేటు లోపల మన లెక్కలు హెక్టార్లలో, కిలోగ్రాముల్లో, ఘనపు మీటర్లలో నడిచేవి. గేటు దాటితే నెల్లూరు మాట్లాడేది నేలకు అంకణాల్లో, ధాన్యానికి పుట్లలో, నీటికి క్యూసెక్కుల్లో. ఆ రెండూ ఒకే లెక్క అని చెప్పే పాఠం మాత్రం మన పుస్తకాల్లో లేదు. మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికలో మిత్రులు గురువులనూ ఆటస్థలాన్నీ ఎలాగూ తలుచుకుంటారు. నేను పాఠాలను తలుచుకుంటాను. తొమ్మిదో తరగతి హీరాన్ సూత్రం, పైథాగరస్ సిద్ధాంతం, శాతాలు మన ఊళ్లో ఎక్కడెక్కడ అక్కరకొస్తాయో, ఇప్పుడు ఆ బెంచీల మీద కూర్చున్న పిల్లలకు తెలియాలి.

ముందు అంకణం. నెల్లూరులో అంకణమంటే ఆరడుగులకు ఆరడుగులు, 36 చదరపు అడుగులు. అంటే సరిగ్గా 4 చదరపు గజాలు. సెంటుకు 435.6 చదరపు అడుగులు కాబట్టి సెంటుకు 12.1 అంకణాలు, ఎకరాకు 1,210. అంకణాన్ని 72 చదరపు అడుగులుగా లెక్కగట్టే ప్రాంతాలూ ఉన్నాయి. అందుకే ఒప్పందం కాగితంలో అంకణాల పక్కన చదరపు గజాలు కూడా రాయించుకోవాలి.

అసలు నష్టం కొలతలో జరుగుతుంది. నాలుగు వైపులా టేపు పట్టి, ఎదురెదురు భుజాల సగటు తీసి, ఆ రెండు సగటులనూ గుణించడం మనవైపు బాగా అలవాటు. స్థలం నిక్కమైన దీర్ఘచతురస్రమైతే ఈ పద్ధతి సరిపోతుంది. మూలలు ఏ కాస్త వాలినా వచ్చే జవాబు అసలు వైశాల్యం కన్నా ఎక్కువే అవుతుంది, ఎన్నడూ తక్కువ కాదు. అంటే కొనేవాడు లేని నేలకు డబ్బు కడతాడు. 30 అడుగుల ముఖం, 50 అడుగుల లోతు ఉన్న స్థలాన్ని తీసుకోండి. సగటు లెక్కలో అది 1,500 చదరపు అడుగులు, 41.67 అంకణాలు. ఇప్పుడు మూల నుంచి మూలకు టేపు పట్టండి. ఒక కర్ణం 50 అడుగులే వచ్చిందనుకుందాం. స్థలం 30, 50, 50 అడుగుల త్రిభుజాలు రెండుగా విడిపోయింది. మూడు భుజాల నుంచి వైశాల్యం చెప్పే హీరాన్ సూత్రంలో అర్ధ చుట్టుకొలత 65. అందులోంచి ఒక్కో భుజాన్ని తీసేస్తే 35, 15, 15. ఈ నాలుగు అంకెలనూ గుణించి వర్గమూలం తీస్తే 715.4. రెండు త్రిభుజాలూ కలిపి 1,431 చదరపు అడుగులు, 39.75 అంకణాలు. దాదాపు రెండు అంకణాలు కాగితం మీదే ఉన్నాయి, నేల మీద లేవు. మూలలు సరిగా ఉన్న 30×50 స్థలానికి కర్ణాలు రెండూ 58 అడుగుల 4 అంగుళాలకు దగ్గరగా రావాలి. సూత్రం గుర్తులేకపోయినా ఈ ఒక్క పరీక్ష చేయవచ్చు. రెండు కర్ణాలూ సమానంగా రాకపోతే స్థలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలవాల్సిందే.

తాపీ మేస్త్రులు పునాదికి ముగ్గు పోసేటప్పుడు 3, 4, 5 అడుగుల కొలతతో మూల తీస్తారు. అది పైథాగరసే. కాకపోతే అంత చిన్న త్రిభుజంలో తప్పు పెద్దదవుతుంది. అయిదు అడుగుల దగ్గర ఒక్క అంగుళం ఎక్కువ పట్టినా మూల రెండు డిగ్రీలు తెరుచుకుంటుంది. 50 అడుగుల గోడ చివరికి వెళ్లేసరికి అది అడుగూ తొమ్మిది అంగుళాలు పక్కకు జరుగుతుంది. అదే 9, 12, 15 అడుగులు పడితే అదే అంగుళం తప్పుకు గోడ ఏడు అంగుళాలే జరుగుతుంది. తాడు సాగుతుంది, కాబట్టి టేపే వాడాలి. టేపు మధ్యలో వేలాడకుండా లాగి పట్టాలి. కొస అరిగిన టేపైతే సున్నా దగ్గర కాకుండా ఒక అడుగు గీత దగ్గర మొదలుపెట్టి, చివర ఆ అడుగు తీసేయాలి.

ఇక పుట్టి. పుట్టి మొదట కొలపాత్రల లెక్క, పుట్టికి ఇరవై తూములు. ఇప్పుడు నెల్లూరు ధాన్యం బేరంలో పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు చెబుతారు, దాన్ని ఎనిమిదిన్నరతో గుణిస్తే పుట్టి ధర. 2024-25లో ‘ఎ’ గ్రేడు ధాన్యానికి క్వింటాలు 2,320 రూపాయలు, అంటే పుట్టి 19,720. ఈ గుణకారం కల్లంలో ఎవరైనా చేస్తారు. తేమ దగ్గరే చాలామంది పొరబడతారు, అక్కడే రైతు నష్టపోతాడు.

కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. ధాన్యంలో 22 శాతం ఉందనుకోండి. అయిదు శాతం ఎక్కువ కాబట్టి 850లో అయిదు శాతం, 42.5 కిలోలు తీసేస్తే సరిపోతుందని అనుకుంటాం. సరిపోదు. ఎండేటప్పుడు పోయేది నీరే, పొడి పదార్థం మారదు. 850 కిలోల్లో 22 శాతం నీరు 187 కిలోలు, మిగిలిన 663 కిలోలు పొడి పదార్థం. ఎండాక ఆ 663 మొత్తంలో 83 శాతం కావాలి. 663ని 0.83తో భాగిస్తే 798.8. తరుగు 51 కిలోలు. ఈ అంకె తెలిసిన రైతు 51 దాకా ఒప్పుకోవచ్చు, 60 అంటే కుదరదని గట్టిగా చెప్పవచ్చు. దీనికి రెండో వైపు కూడా ఉంది. అమ్మేది 17 దగ్గరే అయినప్పుడు 14 దాకా ఎండబెడితే పుట్టికి దాదాపు 30 కిలోల బరువు ఊరికే పోతుంది. ఇంట్లో నిల్వ చేసుకునే ధాన్యానికైతే ఆ 14 కావాలి, లేకపోతే బూజు పడుతుంది.

తేమ యంత్రం నీటి విద్యుత్ గుణాన్ని పట్టుకుంటుంది. విద్యుత్ క్షేత్రంలో నీరు స్పందించినంతగా ఎండిన గింజ స్పందించదు. వేడికి ఆ స్పందన మారుతుంది. అందుకే అప్పుడే ఎండలోంచి తెచ్చిన వేడి గింజలు పోస్తే అంకె నమ్మదగినదిగా ఉండదు. నీడలో చల్లారనివ్వాలి. రాశి పైనుంచి మాత్రమే కాదు, మధ్య నుంచి, అడుగు నుంచి కూడా పిడికెడు పిడికెడు తీసి కలపాలి. మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. యంత్రం లేనప్పుడు శుభ్రంగా ఎండిన గాజు సీసాలో ధాన్యం, పొడి ఉప్పు వేసి కొన్ని నిమిషాలు బాగా కుదపండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు.

ఎండబెట్టడంలోనూ తొందర పనికిరాదు. పట్ట మీద రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల మందాన పరిచి, అరగంటకోసారి తిరగేయాలి. తారు రోడ్డు మీద పలచగా పోస్తే గింజ పైపొర ముందే ఎండి కుంచించుకుంటుంది, లోపలి భాగం తడిగా ఉబ్బే ఉంటుంది. ఆ లాగుడుకు గింజ పగులుతుంది. బయటికి కనిపించదు, మిల్లులో నూకలై బయటపడుతుంది. సాయంత్రం పట్ట కప్పకపోతే మంచు పీల్చి మళ్లీ అదే జరుగుతుంది.

నీటి సంగతి. సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు అని పేపర్లో చదువుతాం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు పారుదల. 11,574 క్యూసెక్కులు ఒక పగలూ రాత్రీ పారితే ఒక టీఎంసీ. కయ్య (వరి మడి) గట్టున నిలబడ్డ మనిషికి పనికొచ్చే అంకె వేరు: ఒక క్యూసెక్కు 24 గంటలు పారితే రెండెకరాలకు ఇంచుమించు అడుగు లోతు నీళ్లు. మీ పిల్ల కాలవలో ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయో నిమ్మకాయతో కొలవవచ్చు. మలుపు, నాచు లేని 30 అడుగుల తిన్నని భాగం చూసుకుని, నడి కాలవలో కాయ వదిలి సెకన్లు లెక్కపెట్టండి. 20 సెకన్లు పడితే వేగం సెకనుకు అడుగున్నర. అడుగునా పక్కలా మట్టి ఆపుతుంది కాబట్టి 0.85తో గుణించాలి, 1.275 వస్తుంది. సగటు వెడల్పు 4 అడుగులు, లోతు ఒకటిన్నర అయితే 6 చదరపు అడుగులు. రెంటినీ గుణిస్తే 7.65 క్యూసెక్కులు. వాలు గట్ల కాలవకు పై వెడల్పు ఒక్కటే తీసుకుంటే లెక్క ఎక్కువొస్తుంది. గాలి తోస్తున్నప్పుడు కొలవకండి.

బోరు మోటారుకు 200 లీటర్ల డ్రమ్ము చాలు. 25 సెకన్లలో నిండితే సెకనుకు 8 లీటర్లు. ఎకరాకు అంగుళం నీళ్లంటే 1,02,790 లీటర్లు, అంటే 3 గంటల 34 నిమిషాలు మోటారు తిరగాలి. నేలలోకి ఇంకిపోయే నీరు ఈ లెక్కలో లేదు. ఇసుక నేలైతే కయ్య చివరి మూల తడిసేసరికి ఇంకా ఎక్కువే పడుతుంది.