మూడు వేళ్లు దవడ కింద

నా చేతులు చిన్నవి. గాజుల దుకాణానికి వెళ్తే టూ-టూ సైజు వెతికి ఇవ్వాల్సిందే. 108 అంబులెన్సులో ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) ట్రైనింగ్‌కు వెళ్లి, ఊపిరి ఆడనివాళ్లకు గాలి అందించే అంబు బ్యాగ్ పట్టుకునే దాకా నేను దాన్ని పట్టించుకున్నదే లేదు.

108 బండి నడిపే అన్నను పైలట్ అంటాం. వెనక పేషెంట్ పక్కన ఉండేది ఈఎంటీ. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సర్వీసు మొదలైనప్పుడు నేను బడిలో ఉన్నాను. బీఎస్సీ అయ్యాక ఈఎంటీగా సెలెక్ట్ అయ్యానని చెబితే మా అమ్మ ఒకటే అడిగింది: "రాత్రిళ్లు రోడ్ల మీద తిరగాలా బిడ్డా?" తిరగాలి అన్నాను. మళ్లీ ఏమీ అనలేదు. బ్యాగులో దుప్పటి సర్దిపెట్టింది. నేను మేడ్చల్ రోడ్డులో దేవరయాంజాల్ ట్రైనింగ్ క్యాంపస్‌కు వచ్చేశాను.

మొదట సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి ఊపిరి ఇవ్వడం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి. పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతు దిగాలి. 30 సార్లు నొక్కి 2 శ్వాసలు ఇవ్వాలి. నొక్కడం తొందరగానే వచ్చింది. మోచేతులు వంచకుండా భుజాల బరువు వేస్తే సరిపోతుంది, దానికి చెయ్యి పెద్దదైనా చిన్నదైనా ఒకటే. ఆ 2 శ్వాసల దగ్గరే నా బండి ఆగిపోయింది.

అంబు బ్యాగ్ అంటే గాలి నింపుకునే సంచి, దాని చివర ఒక మాస్కు. ఒక చేత్తో సంచి నొక్కాలి, రెండో చేత్తో మాస్కును ముఖానికి పట్టి ఉంచాలి. బొటనవేలు, చూపుడువేలు మాస్కు చుట్టూ, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక కింద. ఆ రెండు వేళ్లు ఇంగ్లీషు C లాగా, ఈ మూడు E లాగా ఉంటాయని దీన్ని సీ-ఈ గ్రిప్ అంటారు. చూడగానే ఎవరికైనా మాస్కును కిందికి అదమాలనిపిస్తుంది. అదిమితే గడ్డం దిగిపోతుంది, నాలుక వెనక్కి పడి గాలి దారి మూసుకుంటుంది. మనం చేయాల్సింది దవడను పైకి, మాస్కులోకి లాగడం. మూడు వేళ్లూ ఎముక మీదే ఉండాలి. గడ్డం కింద మెత్తటి చోట పెడితే మళ్లీ దారి మూసుకున్నట్టే. నా చిటికెన వేలు దవడ మూలకు అందేది కాదు. పక్కనుంచి గాలి బుస్సుమని పోయేది, మేం నేర్చుకునే ట్రైనింగ్ బొమ్మ ఛాతీ కదిలేది కాదు.

"సంచి వైపు కాదమ్మా, ఛాతీ వైపు చూడు" అనేవారు సార్. ఇద్దరుంటే ఒకరు రెండు చేతులతో మాస్కు పట్టుకుని, ఇంకొకరు సంచి నొక్కడమే మేలని కూడా ఆయనే చెప్పారు. కానీ పరుగెత్తే బండిలో వెనక ఉండేది నేనొక్కదాన్నే కదా. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. హాస్టల్లో నా రూమ్మేట్ తలగడ తీసేసి పడుకునేది, నేను ఆమె తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని దవడ కింద వేళ్లు పెట్టేదాన్ని. "ఇంకొంచెం పక్కకు. ఇప్పుడు గొంతు నొక్కుతున్నావు" అని కళ్లు మూసుకునే చెప్పేది. ఆ పిల్ల ఓపిక నేను ఎప్పటికీ మర్చిపోను. చివరికి వేళ్లతో కాక మణికట్టుతో లాగడం తెలిసింది. ఆ రోజు బొమ్మ ఛాతీ లేచింది.

లేచిందని ఇంకా గట్టిగా నొక్కాను. సార్ నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఒక్క శ్వాసకు ఒక్క సెకను, ఛాతీ లేచేంత వరకే. ఎక్కువైతే గాలి పొట్టలోకి పోతుంది, వాంతి అవుతుంది, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మెడకు కాలర్, వెన్ను కదలకుండా పడుకోబెట్టే స్పైన్ బోర్డు, కట్లు, గ్లూకోమీటర్ కష్టం లేకుండా వచ్చాయి. పాముకాటు క్లాసు అయిన సాయంత్రం మాత్రం నాన్నకు ఫోన్ చేశాను. మా ఊళ్లో ఇప్పటికీ తాడుతో బిగించి కడతారు. కట్టొద్దు, కొయ్యొద్దు, కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకురండి అని రెండుసార్లు చెప్పించుకున్నాను ఆయన నోటితో.

తర్వాత ఆసుపత్రి పోస్టింగ్. లేబర్ రూమ్‌లో ఒక రాత్రి పుట్టిన బిడ్డ ఏడవలేదు. సిస్టర్ టవల్‌తో తుడిచి వీపు రుద్దింది. ఊహూఁ. బొడ్డు కోసి, బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ మీద పడుకోబెట్టి చిన్న సంచి తీసింది. "మాస్కు నువ్వు పట్టు" అంది నాతో. నేను నేర్చుకున్నట్టే తల వెనక్కి బాగా వంచాను. "అంత వద్దు! ముక్కు సీలింగ్ వైపు చూడాలి, అంతే" అని సిస్టరే సరిచేసి, భుజాల కింద గుడ్డ మడత పెట్టింది. పసిబిడ్డ తలను ఎక్కువ వంచినా గాలి దారి మూసుకుంటుంది. బొమ్మ మీద నేను రోజుల తరబడి నేర్చుకున్న మూడు వేళ్లకు అక్కడ చోటే లేదు. ఆ దవడ కింద పట్టింది ఒక్క వేలే. కొత్తపాలు చిలికినట్టు తెల్లగా, జారుతూ ఉంది చర్మం.

సిస్టర్ పైకి లెక్కపెడుతూ నొక్కింది. "ఊపిరి, రెండు, మూడు. ఊపిరి, రెండు, మూడు." నిమిషానికి 40 నుంచి 60 వచ్చేలా. నేను ఛాతీనే చూస్తున్నాను. అగ్గిపెట్టెంత ఛాతీ. లేచింది, దిగింది. ఎంతసేపో నాకు తెలియదు. కాలు ఒకటి ముడుచుకుంది. ఆ తర్వాత పిల్లికూత లాంటి ఏడుపు.

బల్ల మీది నుంచి తల్లి అడిగింది, "ఏం పుట్టిందమ్మా?" అని. అప్పటి దాకా మేమిద్దరం చూడనే లేదు. ఆడపిల్ల.

బిడ్డను తల్లి రొమ్ము మీద పెట్టి వచ్చాక సిస్టర్ ఆ మాస్కు, సంచి శుభ్రం చేయించింది. బిగించాక మాస్కుకు నా అరచెయ్యి అడ్డం పెట్టి, సంచి నొక్కి చూడమంది. గాలి నా అరచేతికి గట్టిగా తగిలింది. "లీకు లేదు సిస్టర్" అన్నాను. "పెట్టెలో పెట్టు, పక్క బల్ల మీద ఇంకొకామెకు నొప్పులు పెరిగాయి" అంది.