మూడో లైటు, మూడు వందల రూపాయలు

నిన్న రాత్రి ఎనిమిదింటికి జీఎస్టీ రిటర్ను వెళ్లిపోయింది. కోపం మాత్రం ఇంకా దిగలేదు. అందుకే రాస్తున్నాను.

మాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో 22 ఏళ్లుగా గుమస్తాని. పేజీ కింద కూడిక నోటితోనే వేస్తాను, ఇంతవరకు పైసా తేడా రాలేదు. అలాంటి నన్ను షావుకారు గారి అబ్బాయి ఆరు నెలల కింద తెచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

అక్షరాలు నెలరోజుల్లో చేతికొచ్చాయి. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలు తగులుతాయి, చూపుడు వేళ్లు అక్కడ పెట్టుకుంటే చాలు. బ్యాక్‌స్పేస్ ఎడమవైపు అక్షరాన్ని తినేస్తుంది, డిలీట్ కుడివైపుది. నమ్ లాక్ లైటు ఆరిపోతే పక్కనున్న అంకెల కీలు బాణాలైపోతాయి. డబ్ల్యూ 320 అనే జీడిపప్పు గ్రేడు కొట్టబోతే డబ్ల్యూ ఒక్కటే పడి కర్సర్ ఎక్కడికో కిందికి పోయేది. కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే చేసిన తప్పు వెనక్కి పోతుంది. ఈ ఒక్కటి ముందే తెలిసుంటే సగం జుట్టు మిగిలేది.

ఇవన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. కాశీబుగ్గలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి 3,500 కట్టాను గానీ, మూడు నెలలూ పెయింట్ అనే బొమ్మల ప్రోగ్రాములో ఇల్లు, కొబ్బరిచెట్టు గీయించారు. ఉద్దానంలో పుట్టినవాడికి కొబ్బరిచెట్టు కంప్యూటర్‌లో చూపించాలా?

ఇక మొన్న 10వ తేదీ. మర్నాడు జీఎస్టీఆర్-1కి, అంటే అమ్మకాల రిటర్నుకి, ఆఖరి రోజు. ఒక బిల్లులో తేడా కనిపిస్తే ఆడిటర్‌కి తెర ఫొటో పంపుదామని పైవరసలో ప్రింట్ స్క్రీన్ నొక్కాననుకున్నాను. ఆ తర్వాత ఎక్సెల్‌లో, అదే లెక్కలు గడుల్లో రాసుకునే ప్రోగ్రాములో, కింది బాణం నొక్కితే గడి మారలేదు. గడితో సహా షీటంతా పైకి జరిగిపోయింది. ఇంకోసారి నొక్కాను, ఇంకా పైకి పోయింది. అక్కడ అంకె కొడితే మళ్లీ పాత గడిలోకే ఎగిరి, అందులో ఉన్న అంకెను మింగేసింది. ఎక్సెల్ మూసి తెరిచాను. అదే తంతు. కంప్యూటరే ఒకసారి ఆపి పెడతానంటే, లెక్కలన్నీ పోతాయని షావుకారు గారు ఒప్పుకోలేదు.

బరంపురం నుంచి వచ్చిన వ్యాపారి ఎదురుగానే కూర్చున్నాడు. అతను వింటుండగా షావుకారు గారు కొడుకుతో, "మన గుమస్తాకి వయసైపోయిందిరా, వేరే కుర్రాడిని చూడు" అన్నారు. ఆ మాట తర్వాత నాకు తెర కనిపించలేదు. కళ్లజోడు తుడుచుకుంటున్నట్టు చాలాసేపు తుడిచాను.

నాలుగింటికి రిపేరు కుర్రాడు బండి మీద వచ్చాడు. కూర్చోగానే మంచినీళ్లు అడిగాడు. నేను గ్లాసు తెచ్చేలోపు అయిపోయింది, బాణం నొక్కితే గడి బుద్ధిగా కిందికి దిగుతోంది! "ఏటి చేశావు బాబూ?" అంటే "వైరస్ అండీ" అన్నాడు. మూడు వందలు పట్టుకుపోయాడు. చేతిలో ఉన్న విద్యను ఇలా దాచుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గుట్టు విప్పింది ప్యాకింగ్‌లో పనిచేసే డిగ్రీ పిల్ల. "బాబాయ్, పొద్దున్న కీబోర్డు మీద మూడు లైట్లు వెలిగాయి కదా, ఇప్పుడు రెండే ఉన్నాయేటి?" అంది. ప్రింట్ స్క్రీన్ పక్కనే ఉన్న కీ నొక్కి చూపించింది. మూడో లైటు వెలిగింది, షీటు మళ్లీ జారింది. ఇంకోసారి నొక్కితే ఆరింది. దాని పేరు స్క్రోల్ లాక్. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడే ఆ కీ ఉందట. ఇప్పుడు దాన్ని పట్టించుకునే ప్రోగ్రాములు చాలా తక్కువ, ఎక్సెల్ వాటిలో ఒకటి. లైట్లు లేని కీబోర్డయితే ఎక్సెల్ కింద అంచున స్క్రోల్ లాక్ అని ఉందేమో చూసుకోండి. నీళ్లు అడిగేవాడిని మాత్రం పిలవకండి. పిలిస్తే పక్కనుంచి కదలకండి, నీళ్లు ఇంకెవరైనా తెస్తారు.

ఈరోజు ఏదో ఆలోచిస్తూ షిఫ్ట్ అయిదుసార్లు నొక్కినట్టున్నాను. కుయ్యిమని, స్టికీ కీస్ (కీలు కలిపి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకునే ఏర్పాటు) పెట్టాలా అంటూ ఒక పెట్టె వచ్చి నిలబడింది. షావుకారు గారు గల్లాపెట్టె దగ్గర నుంచి తలెత్తి చూశారు. నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. మొత్తం చదివి, నో నొక్కి, మిగిలిన బిల్లు కొట్టేశాను.