సిండ్రెల్లా అంగారకుడి మీదుంటే పన్నెండు ఎప్పుడు కొట్టాలి?

టీనేజీ పిల్లల కోసం పాత కథను సైన్స్ ఫిక్షన్‌గా తిరగరాయమంటే చాలామంది గుమ్మడికాయ తీసేసి రోవర్ (గ్రహాల నేల మీద నడిచే బండి) పెడతారు, ఎలుకలు తీసేసి రోబోలు పెడతారు. వేషం మారుతుంది, కథ అక్కడే ఉంటుంది. మార్చాల్సింది మంత్రం పెట్టిన షరతును. సిండ్రెల్లాకి ఆ షరతు అర్ధరాత్రి పన్నెండు. ఎవరు బతిమాలినా ఆగని భౌతిక కారణం దాని చోట దొరికిందా, సగం పని అయినట్టే.

ముందు ఏ సిండ్రెల్లా అన్నది తేల్చుకోండి. గాజు చెప్పు, గుమ్మడికాయ బండి, పన్నెండు గంటల గడువు 1697లో పెరో అచ్చువేసిన ఫ్రెంచి కథలోవి. గ్రిమ్ సోదరులు 1857 నాటికి తిద్దిన జర్మన్ కథలో దేవతా లేదు, గడువూ లేదు. తల్లి సమాధి మీద చెట్టు, దాని మీద పిట్ట. చెప్పు పట్టడానికి అక్కల్లో ఒకతె బొటనవేలు, ఇంకొకతె మడమ కోసుకుంటారు. గడువు పెరో దగ్గర, నెత్తురు గ్రిమ్‌ల దగ్గర తీసుకోవచ్చు.

గడువుకి ఫోబోస్ ఉంది. అంగారకుడు ఒక రోజు తిరిగేలోపు ఈ ఉపగ్రహం మూడుసార్లు చుట్టేస్తుంది, చుట్టుకి 7 గంటల 39 నిమిషాలు. అందుకే అది పడమట పుట్టి తూర్పున కుంకుతుంది. మధ్యరేఖ దగ్గర ఒక్కో దఫా ఆకాశంలో ఉండేది నాలుగు గంటల పైచిలుకే. దేవతను ఫోబోస్ మీద ఎవరో వదిలేసి పోయిన పాత కంప్యూటర్‌గా రాయండి. దాని సిగ్నల్ అందినంతసేపే తలుపులు ఆ పిల్లను వేరే మనిషి అనుకుంటాయి, రోవర్ మాట వింటుంది. విందు మొదలయ్యేసరికి ఫోబోస్ నడినెత్తిన ఉంటే చేతిలో ఉన్నది రెండు గంటలే. ఊరిని మాత్రం 70 డిగ్రీల అక్షాంశం దాటించకండి, అక్కడ ఫోబోస్ అసలు కనపడదు. సిగ్నల్‌ని వేరే ఉపగ్రహాలు అందించవా అని పదిహేనేళ్ళ పాఠకుడు తప్పకుండా అడుగుతాడు. ఆ దారి ఎందుకు మూసుకుపోయిందో ఒక్క వాక్యంలో, అదీ విందుకి ముందే చెప్పేయాలి.

సవతి తల్లిని రాక్షసిని చేయక్కర్లేదు. మనిషికి రోజుకి దాదాపు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. ఆ పద్దు ఆమె చేతిలో ఉంటే చాలు. పైగా అంగారకుడి ఏడాది మన భూమి లెక్కలో 687 రోజులు, పదహారేళ్ళ పిల్ల అక్కడి లెక్కలో ఎనిమిదిన్నరేళ్ళది. మేజరయ్యేది ఏ కేలెండర్ ప్రకారం? ఈ తగాదాకి నాలుగు పేజీలిచ్చినా దండగ కాదు.

ఇక చెప్పు. అసలు కథలోని చిల్లు ఇక్కడే: అన్నీ మాయమైతే ఇదొక్కటి ఎందుకు మిగిలింది, ఊళ్ళో ఇంకెవరికీ ఎందుకు పట్టలేదు? చెప్పు బదులు స్పేస్‌సూట్ గ్లోవ్ పెడితే రెండూ తీరతాయి. అది సిగ్నల్‌తో వచ్చిన మాయ కాదు, వస్తువు. గ్లోవ్ ఆ చేతికే కొలిచి కుట్టినదై ఉండాలి. లోపల గాలి నింపగానే బిగుసుకుపోతుంది, వేళ్ళు మడవడమే కష్టం. కొలత తప్పితే వేలి కొస గ్లోవ్‌కి ఒరుసుకుని గోరు కమిలిపోతుంది, ఊడిపోతుంది కూడా. వ్యోమగాములకు ఇది నిజంగానే జరిగింది.

చాలా డ్రాఫ్టులు తన్నేసేది దీని తర్వాతే. గ్లోవ్ పారేసుకున్న పిల్ల బయటికెలా పరిగెత్తింది? అక్కడి గాలి ఒత్తిడి భూమి మీది దాంట్లో ఒక శాతం కూడా ఉండదు. కాబట్టి రోవర్‌ని డోమ్ (గాలి నింపి ఊరిని కప్పిన గుండ్రటి గూడు) తలుపుకే అతికించి నిలపండి, ఆమె లోపల్నుంచి లోపలికే ఎక్కుతుంది. ఫోబోస్ కుంకగానే రోవర్ దారి మధ్యలో ఆగిపోతుంది. సీటు కింద ఎవరిదో పాత గ్లోవ్, ఆమె చేతికి పొట్టి. అది తొడుక్కుని ఇంటిదాకా మూడు కిలోమీటర్ల నడక.

తెల్లారి కొలత చూసేటప్పుడు సవతి అక్క గోళ్ళు మొదలుకంటా కత్తిరించుకుని తన చెయ్యి గ్లోవ్‌లోకి తోస్తుంది, పట్టదు. తర్వాత ఈ పిల్ల వంతు. వాచిన చెయ్యి తన సొంత గ్లోవ్‌లోకే దూరదు. రాజకుమారుడి చోట వచ్చిన కుర్రాడు చూడాల్సింది గ్లోవ్‌ని కాదు, నల్లబడిన ఆ చూపుడువేలి గోరుని.